కాళ్ళ నొప్పి ఓర్చుకోవాలా? గరిడీ నేల నుంచి కరాటే క్లాసు దాకా

ఈ ఎపిసోడ్ మన అనకాపల్లి పక్కనే, శంకరం దగ్గర, బొజ్జన్నకొండ మెట్ల మీద కూర్చుని మొదలుపెడుతున్నాను. దానికో కారణం ఉంది. రెండేళ్ళ క్రితం ఇవే మెట్లు నేను అడ్డంగా తిరిగి, స్నేహితుడి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ దిగాను. వెనకాల వస్తున్న ఒక పెద్దావిడ "అయ్యో, ఈ వయసులోనే ఏటి బాబూ?" అంది. ఆవిడ మాత్రం చకచకా దిగిపోయింది.

జరిగింది ఇది. ఐదేళ్ళు ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో గడిపాక, ఒళ్ళు వంగడం లేదని కరాటే క్లాసులో చేరాను. ఏ క్లాసు అనేది అనవసరం. మూడో వారంలో కాళ్ళు రెండు పక్కలకీ చాపి కూర్చోమన్నారు. నాకు సగం కూడా రాలేదు. వెనక నుంచి ఒకరు వీపు మీద బరువు వేసి ముందుకి నొక్కారు. "ఓర్చుకో, ఓర్చుకుంటేనే కాలు లేస్తుంది" అన్నారు. ఓర్చుకున్నాను. పిరుదు కింద, తొడ వెనక కండరం మొదలయ్యే చోట 'టప్'మంది. మర్నాడు అది మామూలు ఒళ్ళు నొప్పే అనుకుని కొండెక్కాను. ఎక్కడం ఎలాగో ఎక్కాను, దిగేటప్పుడు తెలిసింది. తర్వాత మూడు నెలలు కాలు ఎత్తలేదు.

మంచం మీద పడుకున్న ఆ రోజుల్లో నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. "మన పూర్వీకులు ఇలాగే నొప్పి ఓర్చుకుని సాధన చేశారు" అని క్లాసులో రోజూ చెప్పేవారు. నిజంగానే అలా చేశారా? కోడ్‌లో బగ్ వస్తే పాత వెర్షన్లు తిరగేసినట్టు, పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

మొదటి జవాబు ఈ కొండ మీదే దొరికిందనుకోవచ్చు. బొజ్జన్నకొండ బౌద్ధ క్షేత్రం కదా. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో, మహావగ్గలో, మందుల గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో పిలిందవచ్ఛుడు అనే భిక్షువుకి అవయవాల్లో వాతం నొప్పి వస్తుంది. బుద్ధుడు ఆయనకి చెమట పట్టించే చికిత్సలు అనుమతిస్తాడు. ఒకదాంతో తగ్గకపోతే ఇంకొంచెం గట్టిది, ఆకులు వేసి కాచిన నీళ్ళు, చివరికి వేడినీళ్ళ తొట్టి. కాళ్ళు పగిలితే రాసుకోవడానికి నూనె. మన అమ్మమ్మలు వేన్నీళ్ళ కాపడం పెట్టి నూనె రాయడం, ఇదీ ఒకే దారి. ప్రపంచాన్ని వదిలేసిన సన్యాసికి కూడా కాలు నొప్పిని ఓర్చుకోమనలేదు, చూశారా.

వాళ్ళు భిక్షువులు, కాళ్ళెత్తి తన్నేవాళ్ళు కాదు అంటారా? సరే, నాట్యశాస్త్రానికి వద్దాం. అందులో 'చారులు' అని కాళ్ళ కదలికలు ఉంటాయి. నాట్యానికి మాత్రమే కాదండి, రంగస్థలం మీద ఆయుధాలతో పోరాటం చూపించడానికి కూడా అవే. ఆ భాగంలోనే వ్యాయామం గురించి చెబుతూ, ముందుగా ఒంటికి నూనె గానీ యవల గంజి గానీ పట్టించి మర్దన చెయ్యాలంటుంది. నేలని వ్యాయామానికి తల్లిగా చెబుతుంది. నేల మీద ఒళ్ళు చాపి సాధన చెయ్యమంటుంది. తిండి బలంగా ఉండాలంటుంది. ఒకరి వీపు మీద ఇంకొకరు కూర్చోమని నాకెక్కడా కనిపించలేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సాక్షి. శ్రీకృష్ణదేవరాయలు. 1516లో ఆయన కళింగ దండయాత్రలో మన సింహాచలం దాకా వచ్చాడు, అక్కడ శాసనం ఉంది. దాదాపు 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరంలో ఉండి, రాయలవారు పొద్దున్న లేచింది మొదలు ఏం చేసేవారో రాసుకున్నాడు. రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చేసిన పుస్తకంలో దాని ఇంగ్లీషు అనువాదం ఉంది. తెల్లవారకముందే రాయలు ముప్పావు పైంటు నువ్వుల నూనె తాగుతాడు. అంటే దాదాపు 400 మిల్లీలీటర్లు. (మీరు తాగకండి బాబూ, కామెంట్లలో నన్ను తిట్టకండి.) తర్వాత ఒళ్ళంతా అదే నూనె పట్టిస్తాడు. చిన్న గుడ్డ కట్టుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తుతాడు. ఆ తర్వాత కత్తి పట్టి, పట్టించిన నూనె అంతా చెమటగా కారిపోయేదాకా సాధన చేస్తాడు. అప్పుడు, అప్పుడు మాత్రమే, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పడతాడు. కుస్తీ అయ్యాక గుర్రమెక్కి తెల్లారేదాకా మైదానంలో తిప్పుతాడు. ఆ తర్వాతే స్నానం.

ఈ వరస ఒకసారి చూడండి. మర్దన, బరువులు, కత్తి, చెమట, కుస్తీ, చివర స్వారీ, స్నానం. ఒళ్ళు పూర్తిగా వేడెక్కిందని తెలియడానికి ఆయన దగ్గర గడియారం లేదు, నూనె కారిపోవడమే గుర్తు. మా క్లాసులో మేము ఆఫీసు నుంచి బైకు మీద వచ్చి, బ్యాగు పక్కన పడేసి, ఐదు నిమిషాల్లో కాళ్ళు చాపేవాళ్ళం. ఇంకో సంగతి, పేస్ ఆయన్ని సన్నగా ఉన్నాడనలేదు, కాస్త లావుగానే ఉన్నాడన్నాడు. ముఖం మీద మశూచి మచ్చలు కూడా ఉన్నాయట. సిక్స్ ప్యాక్ లేదని బాధపడేవాళ్ళకి ఇది చెబుతున్నాను.

ఇక మన ఉత్తరాంధ్ర సాము గరిడీ. నూకాలమ్మ జాతరప్పుడు ఊరేగింపు ముందు కర్రలు తిప్పుతూ వెళ్ళేవాళ్ళని మీరంతా చూసే ఉంటారు. కాలు కొంచెం బాగుపడ్డాక ఆ సాధన చూడ్డానికి వెళ్ళాను. బస్కీలు, దండీలు, అడుగులు. అడుగులే అడుగులు! కర్ర చేతికిచ్చేది ఎప్పటికో. నేను కుంటడం చూసి అక్కడి గురువుగారు సంగతి అడిగారు. చెప్పాను. ఆయన చేతిలో వెదురు కర్ర చూపించి, "ఎండిన కర్రని ఉత్తినే వంచితే ఫట్మని ఇరిగిపోద్ది బాబూ. నూని రాసి, సెగ సూపించి, కొంచిం కొంచింగా వంచాల. నీ కాలు కర్రకంటే లోకువా?" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, వంకర వెదురుని సెగ మీదే సరిచేస్తారు.

మరి "ఓర్చుకో" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుమానం సినిమా మీద. మా తరం ఫైటింగు నేర్చుకుంది 'తమ్ముడు', 'భద్రాచలం', 'అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి' చూసి. 1999 నుంచి 2003 లోపల ఈ మూడూ వచ్చాయి. నాకు చాలా ఇష్టమైన సినిమాలు, తప్పు పట్టడం లేదు. కానీ సినిమాలో నెలల సాధన ఒక్క పాటలో అయిపోతుంది. పాటలో రెస్ట్ డే ఉండదు.

ఇంకొకటి కూడా ఉంది, ఇది చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంది. మన ప్రాంతపు గర్వం కోడి రామమూర్తి నాయుడు గారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, మాస్టారుగా పనిచేసి, తర్వాత సర్కస్‌తో దేశదేశాలు తిరిగారు. కలియుగ భీముడన్నారు. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరుతోనే ఉంది. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషికి చివరి రోజుల్లో కాలి మీద పుండు లేచింది. కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ ఆపరేషన్‌లో మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో ఓర్చుకున్నారని చెప్పుకుంటారు. 1942 జనవరిలో ఒడిశాలో కన్నుమూశారు.

ఈ కథ నేను చిన్నప్పటి నుంచి విన్నాను. ప్రతిసారీ 'ఓర్చుకున్నారు' దగ్గర చప్పట్లు కొట్టాను. వీపు మీద బరువు పడ్డప్పుడు నా బుర్రలో ఉన్నది కూడా ఈ కథే. మంచం మీద ఉన్నప్పుడు గానీ దాని రెండో సగం నాకు వినపడలేదు: అంత ఓర్చుకున్నా కాలు పోయింది. ఆయనకి వేరే దారి లేని చోట ఓర్పు చూపించారు. నాకు దారి ఉంది. "ఆపండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది.

ఇప్పటి సైన్స్ ఏమంటుంది? కొత్త కసరత్తు చేశాక మర్నాడో, ఎల్లుండో వచ్చే నొప్పి గురించి థియొడోర్ హఫ్ అనే అమెరికన్ 1902లోనే రాశాడు. కండరం లోపలి చిన్న చిన్న చిరుగుల వల్ల అన్నాడు. లాక్టిక్ ఆసిడ్ అని ఇప్పటికీ జిమ్ముల్లో చెబుతారు, అది గంటా గంటన్నరలో మామూలుకి వచ్చేస్తుంది, ఎల్లుండి నొప్పికి దాన్ని తిట్టి లాభం లేదు. స్ట్రెచింగ్ చేస్తే ఈ నొప్పి తగ్గుతుందా? 2011లో కోక్రేన్ సమీక్ష 12 పరిశోధనలు కలిపి చూసింది. 100 పాయింట్ల స్కేల్ మీద తగ్గేది ఒక పాయింటు, ముందూ వెనకా రెండుసార్లు చేస్తే నాలుగు. అంతే.

దీనికంటే నన్ను ఆపేసింది 2010లో వెప్లర్, మాగ్నుసన్ రాసిన వ్యాసం. మూడు నుంచి ఎనిమిది వారాలు స్ట్రెచింగ్ చేసినవాళ్ళకి కాలు ఎక్కువ లేస్తోందంటే, కండరం పొడవు పెరిగి కాదట, ఆ సాగుడుని భరించే స్పర్శ మారడం వల్లట. అంటే అది శరీరం ఇచ్చే పర్మిషన్ లాంటిది. భయపెట్టి తీసుకునేది కాదు.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను, కాపీ కొట్టే ముందు మీ ఒళ్ళు చూసుకోండి. పది పదిహేను నిమిషాలు నడక, తాడాట, కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపడం. చెమట కనిపించాకే కిక్కులు, అదీ నడుము ఎత్తు దాకా. కదలకుండా పట్టుకునే స్ట్రెచ్ చివర్లో, ముప్పై సెకన్లు, మాట్లాడుతూ ఉండగలిగేంత వరకే. ఎవరినీ నొక్కనివ్వను. బస్కీలు వదలను, ఎందుకంటే బలం లేని చోటికి కాలు వెళ్ళనంటుంది. మర్నాడు తొడలు పట్టేస్తే బెల్లం మార్కెట్ వైపు మెల్లగా నడిచొస్తాను, రాత్రి వేన్నీళ్ళు, నువ్వుల నూనె. కానీ 'టప్'మని వినపడినా, కమిలి నల్లబడినా, ఒక్క చోటే పొడిచినట్టున్నా, పిక్క వాచినా, కాలు మీద బరువు ఆనకపోయినా, నూనె పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నేను పది రోజులు ఆలస్యం చేశాను.

కాళ్ళు రెండు పక్కలకీ చాపితే నాకు ఇప్పటికీ నేల తగలదు. ఒక జానెడు ఉండిపోతుంది. తుంటి ఎముక అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి, బహుశా ఎప్పటికీ తగలదేమో.

సరే, కెమెరా సర్దేస్తున్నాను. ఈ మెట్లు దిగాలి, ఈసారి ఎదురుగానే తిరిగి.