స్కూటర్ ఛార్జింగ్ లోపాలు
ఇంజిన్ తిరిగేటప్పుడు మ్యాగ్నెటో కాయిల్‌లో పుట్టే ఏసీ విద్యుత్తును రెగ్యులేటర్-రెక్టిఫయర్ డీసీగా మార్చి, వోల్టేజీని అదుపులో పెట్టి, 12 వోల్టుల బ్యాటరీకి అందిస్తుంది. లైట్లు మసకబారితే ముందుగా బ్యాటరీని మార్చేయడం షెడ్లలో అలవాటు. తప్పు తరచు వేరేచోట ఉంటుంది.

పాత మోడళ్లు చాలావాటిలో హెడ్‌లైట్‌కు కరెంటు కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మసకగా వెలిగి, యాక్సిలరేటర్ తిప్పగానే కాంతి పెరగడం అక్కడ లోపం కాదు. హారన్, ఇండికేటర్లు సాధారణంగా బ్యాటరీ మీద నడుస్తాయి గనుక, అవి నీరసిస్తే బ్యాటరీనో, దాని ఛార్జింగ్‌నో అనుమానించాలి.

పరీక్షకు మల్టీమీటర్ ఉంటే చాలావరకు తేలిపోతుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలిన మంచి లెడ్-యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిన్ వేగం పెంచినప్పుడు టెర్మినళ్ల దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 దాకా రావాలి. పెరగకపోతే ఫ్యూజు, కాయిల్, రెగ్యులేటర్, వాటి కనెక్టర్లు వరసగా చూడాలి. 15 దాటిందంటే రెగ్యులేటర్ మీదే అనుమానం: బల్బులు మాడిపోతాయి, బ్యాటరీ వేడెక్కి పాడవుతుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది, ఎవరూ చూడనిది ఎర్త్ వైరు. ఛాసిస్‌కు బిగించిన చోట తుప్పు పట్టి ఉంటే, కొత్త విడిభాగాలు ఎన్ని వేసినా వెలుగు పెరగదు. ఎమరీ పేపర్‌తో రుద్ది బోల్టు గట్టిగా బిగిస్తే సరి.