వంశధార దాటితే కళింగనగరం

వంశధారలోకి దిగావు. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. బల్లెం తలపైకి ఎత్తి పట్టుకో. పిడి తడిస్తే చేతిలో నిలవదు. ఆగావంటే వెనకవాడి డాలు వీపులో దిగుతుంది. అవతలి గట్టున చెట్ల పైనుంచి కనిపిస్తున్నది మధుకేశ్వరుడి గుడి శిఖరం. గంగ రాజుల రాజధాని కళింగనగరం అదే. నేటి ముఖలింగం. ఈశాన్యంలో మసకగా మహేంద్రగిరి. దానికీ సముద్రానికీ మధ్య టెక్కలి, పలాస, ఉద్దానం నేలలు. ఇది క్రీ.శ. 1110 ప్రాంతం.

ఈ సైన్యం కంచి నుంచి పెన్న, కృష్ణ, గోదావరి దాటుకుంటూ వచ్చింది. నువ్వు వేంగిలో కలిశావు. పక్కవాడిది తమిళం, నీది తెలుగు, పనంతా సైగలతోనే. నడిపిస్తున్నవాడు సేనాపతి కరుణాకర తొండైమాన్. చోళ రాజు కులోత్తుంగుడు రాలేదు.

ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? కళింగ రాజు అనంతవర్మ చోడగంగ రెండుసార్లు కప్పం ఎగ్గొట్టాడట. అతని తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచే. కప్పం అడుగుతున్న కులోత్తుంగుడు, నన్నయ చేత భారతం రాయించిన మన రాజరాజ నరేంద్రుడి కొడుకు. తగువు చుట్టాలది. నీళ్లలో దిగింది నువ్వు.

గట్టెక్కావు. ఊపిరి తీసుకునేలోపే గంటల మోత.

ఏనుగులు.

కళింగ ఏనుగులంటే దేశమంతా పేరు. నేల అదురుతోంది. ఆ అదురు పళ్లలో తెలుస్తోంది. ఎదురు నిలబడితే తొక్కేస్తుంది. వెనక్కి తిరిగితే ఏరు. పక్కకి దూకు. తొండం మీద కొట్టు. దెబ్బ తిన్న ఏనుగు ఎవరి మాటా వినదు, తనవాళ్లనే తొక్కుకుంటూ పోతుంది.

దూకావు. దుమ్ము. కన్ను కనపడదు. ఎవరిదో అరుపు. తమిళమా? తెలుగా? తెలియదు. కొట్టు. లే. పరుగెత్తు.

కళింగనగరం వాకిళ్లు తెరిచే ఉన్నాయి. రాజు లేడు.

నీ చేతికి కాగడా ఇచ్చారు. ఎదురుగా పూరిల్లు. చూరులో కొడవలి దోపి ఉంది, కొక్కేనికి ఉట్టి ఇంకా ఊగుతోంది. ఇప్పుడే వెళ్లారు. అంటించాలా? పక్కవాడు అంటించేశాడు. కళింగాన్ని తగలబెట్టామని కులోత్తుంగుడి శాసనాలే గొప్పగా చెప్పుకుంటాయి. ఆ గొప్పలో ఈ ఇల్లూ ఉంది.

సాయంత్రానికి వేగు తెచ్చిన కబురు: రాజు కొండ మీద దాక్కున్నాడు. చీకటి పడకముందే కొండ చుట్టూ బల్లేల కంచె. రాత్రంతా ఎవరికీ కునుకు లేదు. తెల్లారగానే ఎక్కారు. నెత్తురు, పొదలు, పరుగు.

పట్టుబడ్డవాళ్లను వరసగా తెస్తున్నారు. ఒకడు వింటినారిని జంధ్యంలా వేసుకుని, గంగాస్నానానికి పోతూ చిక్కుకున్న బాపణ్ణి అంటున్నాడు. ఇంకొకడు జుట్టు పీక్కుని జైనుణ్ణంటున్నాడు. నెత్తురంటిన గుడ్డ కప్పుకున్నవాడు బౌద్ధుడట. నీ ముందుకొచ్చినవాడి చేతిలో ఏనుగు గంటలు, తాళాల్లా వాయిస్తున్నాడు.

"తెలుగోణ్ణి బాబూ, పాటలు పాడుకుని బతికేవోణ్ణి."

అతని అరచేతిలో కత్తిపిడి కాయలు. నీ చేతిలోనూ అవే. వెనకున్న తమిళ సైనికుడికి ఈ మాట అర్థం కాలేదు, నీ మొహం చూస్తున్నాడు. అబద్ధమని చెబితే ఇక్కడే నరుకుతారు. ఏం చెబుతావు?

తొందరగా.

తల ఊపావు. అతను పొదల్లోకి పోయాడు.

ఇలా వేషాలు వేసి బతికినవాళ్లు చాలామందే అంటాడు జయంగొండార్. ఈ దండయాత్ర మీద తమిళంలో 'కళింగత్తుప్పరణి' రాసిన కవి ఆయనే. గెలిచినవాళ్ల తరఫున ఓడినవాళ్లను చూసి నవ్వాడు.

ఏనుగులు, నిధులు చోళ రాజు కాళ్ల దగ్గరికి చేరాయి. చోడగంగ మాత్రం చేజిక్కలేదు. ఆ తర్వాత ఇంకో 35 ఏళ్లకు పైగా ఏలాడు. రాజ్యాన్ని గంగా నది దాకా పెంచాడు. పూరీలో జగన్నాథుడి పెద్ద గుడి కట్టడం మొదలుపెట్టింది ఆయనే. కళింగం కాలింది గానీ రాజ్యం పోలేదు. కావాలంటే ముఖలింగం వెళ్లి చూడు: అక్కడి శాసనాల్లో చోడగంగ కాలానివీ ఉన్నాయి.