మసిని మండించు వడపోత

డీజెలు లారీ విడుచు నల్లని పొగలో నుండునది మసి, అనగా సరిగా కాలని కర్బనపు నలుసులు. ఈ పొగ కాన్సరు కలిగించునని 2012లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. మసిని పట్టుట అంత కష్టము కాదు. తేనెపట్టువంటి పింగాణి దిమ్మెలో ఒక గొట్టమునకు ముందు కొనను, పక్కదానికి వెనుక కొనను మూసినచో పొగ నడిమి గోడల సూక్ష్మరంధ్రములగుండ పోవును. మసి గోడపై నిలుచును. చిక్కంతయు తరువాతనే. మసి నిండినకొలది ఇంజనుకు ఊపిరాడదు. కాల్చివేయుదమన్నను, ఆమ్లజనిలో మసి మండుటకు సుమారు 600 సెంటిగ్రేడు డిగ్రీలు కావలెను. లారీ పొగకు సాధారణముగా అంత వేడి యుండదు. పేరుకొన్న మసి ఒక్కసారిగా అంటుకొన్నచో దిమ్మెయే పగులును. 1985లో కాలిఫోర్నియాలో కొన్ని డీజెలు కార్లకు వడపోతలను అమర్చిరి కాని అవి నిలువలేదు.

దారి చూపినది మరియొక చెడ్డ వాయువే. నైట్రోజన్ డయాక్సైడు 250 డిగ్రీల ప్రాంతముననే మసిని కాల్చునని జాన్సన్ మాథీ సంస్థకు చెందిన కూపర్, థాస్ 1989లో చూపిరి. వడపోతకు ముందు ప్లాటినము పూసిన దిమ్మె నుంచినచో, పొగలోని నైట్రిక్ ఆక్సైడు అచ్చట డయాక్సైడుగా మారి, లారీ నడుచుచుండగనే మసిని బొగ్గుపులుసు వాయువుగా కాల్చివేయును. ఐతే డీజెలులోని గంధకము ప్లాటినము పనికి అడ్డుపడును. కనుకనే గంధకము తీసిన డీజెలు ముందుగా దొరకిన స్వీడనులో 1990లలో ఇది బస్సులకు, లారీలకు అమరినది. భారతదేశమున గంధకము పదిలక్షల పాళ్లలో 10 పాళ్లకు తగ్గిన 2020 వరకు లారీలు వేచియుండవలసి వచ్చినది.

ఊరిలో ఆగి ఆగి నడచు లారీకి ఆ 250 డిగ్రీలును అందవు. అప్పుడు యంత్రమే కొంత డీజెలును ఆ ప్లాటినముపై మండించి పొగను కాచుకొనును. ఇంత చేసినను కందెననూనె బూడిద మాత్రము మండదు; దానిని దిమ్మె విప్పి తొలగింపవలసినదే.