మంగలికత్తి నూరుడు: చేతివిద్య గ్రంథస్థమైన తీరు (1665–1904)

క్షౌరానికి వాడే మడతకత్తిని తెలుగులో మంగలికత్తి అంటారు. పనిముట్టు పేరులోనే దాన్ని వాడే వృత్తివారి పేరు చేరి ఉంది. కత్తి, దాన్ని నూరే నేర్పు రెండూ ఒక వృత్తి సమూహానివే అన్న భావన ఆ మాటలో ఇమిడి ఉంది. ఐరోపాలో కూడా చాలాకాలం పరిస్థితి దాదాపు ఇదే. పద్దెనిమిదో శతాబ్దిలో ఈ విద్య వృత్తి హద్దు దాటి పుస్తకంలోకి వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో దాని అవసరమే తగ్గసాగింది. ఈ రెండు మలుపుల నడుమ నూరుడు విద్య గ్రంథస్థమైన క్రమాన్నీ, అందులో అక్షరానికి అందినదాన్నీ అందనిదాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అంచును చూడడం

కత్తి అంచును శాస్త్రదృష్టితో వర్ణించిన తొలి రచనల్లో రాబర్ట్ హుక్ ‘మైక్రోగ్రాఫియా’ (1665) ముఖ్యమైనది. ఆ గ్రంథంలో మొదటి పరిశీలన సూదిమొన గురించి. రెండవది క్షురపు అంచు గురించి. కంటికి గీతలా కనిపించే అంచు సూక్ష్మదర్శిని కింద వెడల్పు గల తలంగా కనిపించింది. నునుపనుకున్న చోట గట్లూ చాళ్లూ బయటపడ్డాయి. అవి రాతి మీద రాపిడి మిగిల్చిన గీతలు. దీనినుండి తేలేది ఏమంటే, పదును అనేది ఉన్నదీ లేనిదీ అని తేల్చదగిన గుణం కాదు; అది గీతల పరిమాణానికి సంబంధించిన విషయం. ముతకరాయి పెద్ద గీతల్ని, సన్నరాయి చిన్న గీతల్ని మిగులుస్తాయి. నూరుడు అంటే పెద్ద గీతల్ని చిన్న గీతలతో క్రమంగా చెరిపివేయడమే.

వృత్తి రహస్యం పుస్తకమైన సందర్భం

పారిస్‌కు చెందిన కత్తుల తయారీదారు జాన్‌జాక్ పెరే 1769లో ‘పొగొనొటొమీ’ అనే గ్రంథం ప్రచురించాడు. ఎవరి గడ్డం వారే గీసుకోవడం నేర్పడం దాని లక్ష్యం. పనిముట్లకు పదునుపెట్టే రాళ్ల రకాలను గుర్తించడం, కత్తిని సవరించే తోళ్లను సిద్ధం చేయడం కూడా తన గ్రంథంలో ఉన్నాయని అతడు శీర్షికలోనే ప్రకటించాడు. క్షౌరాన్ని మాత్రం నేర్పి నూరుడును వదిలిపెడితే పాఠకుడు మళ్లీ వృత్తిదారు మీదనే ఆధారపడవలసి వస్తుంది. ఆ సంగతి పెరే గ్రహించాడనడానికి ఈ శీర్షికే సాక్ష్యం. చర్మం లోతుగా తెగకుండా కత్తికి చెక్క రక్షణను అమర్చే పద్ధతి కూడా అతనిదే. అంటే నేర్పును అందరికీ పంచే ప్రయత్నమూ, నేర్పు కొరతను పరికరంతో పూడ్చే ప్రయత్నమూ ఒకే మనిషి చేతిలో ఆరంభమయ్యాయి. తరువాతి చరిత్రలో రెండవదే నెగ్గింది.

అక్షరానికి అందినది, అందనిది

నూరుడులో సూత్రాలుగా చెప్పదగిన భాగం చిన్నది కాదు. కత్తి వీపు, అంచు రెండూ ఒకేసారి రాతికి ఆనాలి. అప్పుడు అంచు కోణాన్ని వీపు మందం, కత్తి వెడల్పు కలిసి నిర్ణయిస్తాయి. నేర్చుకునేవాడు కోణాన్ని ఊహించనక్కరలేదు. వంటకత్తి నూరుడుకూ దీనికీ ఇదే ప్రధాన భేదం. రాతి మీద అంచు ముందు నడవాలి, తోలు మీద వీపు ముందు నడవాలి. తోలు మీద దిశ తప్పితే అంచు తోలును కోస్తుంది, తానూ చెడుతుంది. తోలు మీద కత్తిని మళ్లించేటప్పుడు వీపు ఇరుసుగా తిప్పాలి.

ఈ నియమాలన్నీ పాటించినా క్షౌరం సుఖంగా సాగుతుందన్న హామీ లేదు. చేతి బరువు ఎక్కువైతే పలుచని అంచు వంగుతుంది. అవసరానికి మించి నూరితే కొసన సన్నని రేకు లేచి చర్మాన్ని గీరుతుంది. ఎప్పుడు ఆపాలో రాతి మీద కత్తి చేసే చప్పుడు, చేతికి తగిలే పట్టు చెప్పాలి. సుఖమైన క్షౌరానికి అంచు పదునుగా ఉంటే చాలదు, మడమ నుండి కొస దాకా ఒకే తీరుగా ఉండాలి. ఆ సమత్వాన్ని పుస్తకం నిర్వచించగలదు. చేతికి అలవాటు చేయలేదు.

ఉక్కు ప్రసక్తి

రాయి ఎంత మంచిదైనా ఉక్కు నిలవకపోతే అంచు నిలవదు. ఇక్కడే ఈ చరిత్రకు దక్షిణ భారతంతో నిజమైన సంబంధం ఏర్పడింది. 1794లో హెలెనస్ స్కాట్ బొంబాయి నుండి రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ‘ఊట్జ్’ అనే ఉక్కు నమూనాలు పంపాడు. ఈ పేరు ‘ఉక్కు’ శబ్దానికి వికృతి అన్నది బహుళంగా అంగీకరించిన అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ ఆ ఉక్కు మీద తన పరీక్షలను ప్రచురించాడు. లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ దాన్ని ఐరోపా ఉక్కుకన్న మేలైనదిగా ఎంచి, దానితో క్షురాలు, శస్త్రపరికరాలు చేస్తున్నట్లు తన వ్యాపార పత్రంలో ముద్రించుకున్నాడు. ఆ గుణాన్ని అనుకరించే యత్నంలోనే స్టోడార్ట్, మైకేల్ ఫారడే కలిసి 1820, 1822లలో ఉక్కు మిశ్రలోహాల మీద పరిశోధన వ్యాసాలు ప్రకటించారు.

అదే జాతి మూస ఉక్కును నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో తయారుచేసే విధానాన్ని హెన్రీ వాయిసీ వర్ణించాడు. అతని మరణానంతరం 1832లో ఆ రచన అచ్చయింది. లండన్‌లో ఆ ఉక్కును సాగదీసినవాడి పేరు, పరీక్షించినవారి పేర్లు చరిత్రకెక్కాయి. ఇక్కడ మూసలో కరిగించినవారూ, ఇక్కడి కత్తులను సానరాతిపై నూరినవారూ పేర్లు లేకుండానే మిగిలిపోయారు. విద్య లేకపోవడం దీనికి కారణం కాదు. విద్యను కాగితం మీద పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే కారణం.

నూరుడు లేని అంచు

కింగ్ క్యాంప్ జిలెట్ కనిపెట్టిన పరికరానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. అంతకుముందు సంవత్సరం అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు కొన్నది. మొద్దుబారిన అంచును నూరడం మాని పారవేయడం అలవాటైంది. పెరే పాఠకునికి ఇవ్వదలచిన స్వాతంత్ర్యం అతనికి చేరింది. దానికి ఆధారమని అతడు భావించిన విద్య మాత్రం చేరలేదు. నేడు తెలుగునాట క్షౌరశాలల్లో కూడా సగానికి విరిచిన బ్లేడును పిడిలో బిగించి వాడడం సాధారణం. ఆరోగ్యరీత్యా ఈ మార్పు మేలైనదే. కాని దానితోపాటు వృత్తివారి చేతుల నుండి కూడా నూరుడు తప్పుకుంటున్నది.

మాండలిక వృత్తిపదకోశ నిర్మాణం 1962లో వ్యవసాయ సంపుటంతో, 1971లో చేనేత సంపుటంతో సాగింది. పని చేసేవారి నోటి నుండే మాటను సేకరించే పద్ధతికి అవి ప్రమాణాలు. రాతి ఎంపిక, తోలు సంస్కారం, అంచు పరీక్ష, నూరుడులో దోషాలు అనే నాలుగు అంశాల మీద ఆ పద్ధతిలో నాయీబ్రాహ్మణ వృద్ధుల నుండి మాటలను సేకరించవలసి ఉంది. కత్తిని ఇప్పటికీ నూరి చూపగల చేతులు ఉండగానే ఆ పని జరగాలి. ఎందుకంటే ఈ విద్యలో సగం మాటలో ఉన్నా, ఆ మాటకు అర్థం చేతిలోనే ఉంది.