వేగం బండి, ఇంటి అవసరం: పెర్ఫార్మెన్స్ వ్యాగన్‌కు ఆటోనగర్ లెక్క

సెడాన్‌కు వెనక డిక్కీ పెట్టెలా విడిగా ఉంటుంది. అలా కాకుండా పైకప్పు వెనక చివరిదాకా సాగి, వెనక తలుపు మొత్తం పైకి లేస్తే దాన్ని స్టేషన్ వ్యాగన్ అంటారు. నడక సెడాన్‌లా ఉంటుంది, సామాను మాత్రం దాదాపు చిన్న వ్యాన్ అంత పడుతుంది. బ్రిటన్‌లో దీన్ని ఎస్టేట్ అని, జర్మనీలో కాంబి అని పిలుస్తారు. ఆడి కంపెనీ అవాంట్ అని, బీఎండబ్ల్యూ టూరింగ్ అని పేర్లు పెట్టుకున్నాయి. మారుతి వ్యాగన్ ఆర్ పేరులో ఆ మాట ఉన్నా అది ఈ కోవలోకి రాదు. అది ఎత్తుగా కట్టిన హ్యాచ్‌బ్యాక్.

ఇలాంటి బండికే బలమైన ఇంజిన్, గట్టి బ్రేకులు, బిగువైన సస్పెన్షన్ పెడితే పెర్ఫార్మెన్స్ వ్యాగన్ అవుతుంది. ఇంట్లో ఒక్క కారుకే డబ్బు, చోటు ఉన్నప్పుడు ఈ ఆలోచన ఊరిస్తుంది. కొడుక్కి వేగం కావాలి, తల్లికి పెళ్లి సామాను పట్టాలి, తండ్రికి బండి దారిలో ఆగకూడదు. ముగ్గురి కోరికా ఒకే బండిలో తీరేలా కనిపిస్తుంది. అయితే విజయవాడలో కొనేవాళ్లు వేగం, నమ్మకం, ఖర్చుతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ బండి పాడైతే ఆటోనగర్‌లో బాగవుతుందా?

ఈ రకం ఎక్కడ మొదలైంది

సామాను బండిని వేగం బండిగా మార్చిన వాటిలో పేరు మోసింది ఆడి ఆర్ఎస్2 అవాంట్. 1994లో పోర్షేతో కలిసి దీన్ని తయారు చేశారు. 2.2 లీటర్ల ఐదు సిలిండర్ల టర్బో ఇంజిన్ 315 పీఎస్ శక్తినిచ్చేది. (పీఎస్ అంటే హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత.) అదే ఏడాది వోల్వో తన 850 ఎస్టేట్‌ను బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ రేసుల్లో దింపింది. కూరగాయలు, కుక్కపిల్లలు ఎక్కించుకునే బండి రేసు కార్ల మధ్య పరుగెత్తడం జనానికి వింతగా అనిపించింది. ఆ తర్వాత బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కూడా ఈ రకాన్ని పెద్దది చేశాయి.

మన దేశానికి వచ్చినవి

భారత్‌లో వ్యాగన్లు కొత్తేమీ కాదు. అంబాసిడర్‌కు కూడా ఎస్టేట్ రూపం ఉండేది. 1992లో టాటా ఎస్టేట్ డీజిల్ ఇంజిన్‌తో వచ్చింది. ఆ తర్వాత మారుతి బలెనో ఆల్టురా 1.6 లీటర్ల పెట్రోల్‌తో, ఓపెల్ కోర్సా స్వింగ్, స్కోడా ఆక్టేవియా కాంబి, 2004లో టాటా ఇండిగో మెరీనా వరుసగా వచ్చాయి. వీటిలో ఏదీ పెద్దగా అమ్ముడుపోలేదు.

అసలైన పెర్ఫార్మెన్స్ వ్యాగన్ అనదగ్గది ఆడి ఆర్ఎస్6 అవాంట్. 2015లో దాదాపు 1.35 కోట్ల రూపాయల షోరూం ధరతో వచ్చింది. 560 పీఎస్ వీ8 ఇంజిన్, 3.9 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం. 2017లో వోల్వో వీ90 క్రాస్ కంట్రీ సుమారు 60 లక్షలకు, 2018లో మెర్సిడెస్ ఈ క్లాస్ ఆల్ టెరైన్ సుమారు 75 లక్షలకు వచ్చాయి. చివరి రెండూ వేగం కంటే హాయిగా వెళ్లడానికి చేసినవి.

సామాన్య కుటుంబానికి అందే వేగం బండి మాత్రం పేరుకు వ్యాగన్ కాదు. 2017లో 24.62 లక్షల షోరూం ధరతో వచ్చిన స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ చూడటానికి సెడాన్‌లాగే ఉంటుంది. కానీ వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేస్తుంది. డిక్కీ 590 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 1,580 లీటర్లు. ఆర్ఎస్6 అవాంట్ డిక్కీ 565 లీటర్లే. అంటే 230 పీఎస్ ఆక్టేవియా సీట్లు మడవకుండానే కోటి దాటిన వ్యాగన్ కంటే ఎక్కువ సామాను మోస్తుంది. సెకండ్ హ్యాండ్ బజారులో వ్యాగన్ కోసం వెతికేవాళ్లు చివరికి దీని దగ్గర ఆగడానికి కారణం ఇదే.

ఎందుకు నిలవలేదు

మొదటి కారణం పన్ను. 2006 కేంద్ర బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్‌కు 1,200 సీసీ, డీజిల్‌కు 1,500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. పొడవే బలమైన వ్యాగన్‌కు ఆ లాభం దక్కలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీలోనూ చిన్న కార్లకు 18 శాతం, పెద్ద కార్లకు 40 శాతం పన్ను ఉంది.

రెండో కారణం సీట్లు. 2000లో టొయోటా క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చాయి. వ్యాగన్‌లో ఐదుగురే కూర్చుంటారు. నానమ్మ, తాతలతో కలిసి ప్రయాణించే ఇళ్లకు ఇన్నోవాలో చోటు దొరికింది. మూడోది రోడ్డు. నేలకు తక్కువగా ఉండే బండికి స్పీడ్ బ్రేకర్లు, గుంతలు పడవు. వీ90 క్రాస్ కంట్రీని నేలకు 210 మిల్లీమీటర్ల ఎత్తున పెట్టింది ఇలాంటి దారుల కోసమే.

ఆటోనగర్‌లో ఏది బాగవుతుంది

విజయవాడ తూర్పున, బందరు రోడ్డుకూ జాతీయ రహదారికీ దగ్గరగా ఉన్న జవహర్ ఆటోనగర్ దక్షిణాదిలో పేరున్న వాహనాల పనుల కేంద్రం. లారీలకు, బస్సులకు బాడీలు కట్టడంతో పేరొచ్చింది. ఇంజిన్ బోరింగ్, లేత్ పని, కమాన్ కట్టలు, రేడియేటర్ రిపేరు, డీజిల్ పంపు, టింకరింగ్, పెయింటింగ్, సీటు కవర్లు, పాత స్పేర్లు అన్నీ నడిచే దూరంలో దొరుకుతాయి. తండ్రి దగ్గర పని నేర్చి కొడుకు అదే షెడ్డు నడిపే ఇళ్లలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి.

ఇక్కడి బలం ఇనుము పని. వ్యాగన్‌లో ఏ భాగం ఆ బలం కిందికి వస్తుందో, ఏది రాదో మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు.

ముందు సగం తేలిక. ఇంజిన్, గేర్‌బాక్సు, ముందు సస్పెన్షన్, బ్రేకులు చాలావరకు అదే కంపెనీ సెడాన్‌వే. ఆక్టేవియా కాంబికి మామూలు ఆక్టేవియా స్పేర్లు, ఆల్టురాకు పాత బలెనో సెడాన్ స్పేర్లు చాలావరకు సరిపోతాయి.

వెనక సగం కష్టం. వెనక తలుపు, దాని పెద్ద అద్దం, వెనక పక్క అద్దాలు, వెనక వైపర్ మోటారు, లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్లు వ్యాగన్‌కే ప్రత్యేకం. తలుపు రేకును టింకరింగ్ మేస్త్రి సరిచేస్తాడు. కానీ పగిలిన అద్దాన్ని ఎవరూ తయారు చేయలేరు. తక్కువ అమ్ముడైన బండికి అది దొరకాలంటే దేశమంతా వెతకాలి.

మూడోది ఎలక్ట్రానిక్ భాగం. 2010 తర్వాతి జర్మన్ బండ్లలో గేర్‌బాక్సు, లైట్లు, బ్రేకులు అన్నీ కంట్రోల్ యూనిట్ల చేతిలో ఉంటాయి. కొత్త యూనిట్ బిగించాక దాన్ని బండికి పరిచయం చేయడానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. ఇక్కడ సుత్తి, పానా సరిపోవు. ఆ బండికి తగిన స్కానర్ ఉండి, కోడ్ చదివి అర్థం చెప్పగలిగిన మెకానిక్ ఎవరో ముందే తెలుసుకోవాలి.

నమ్మకం

"ఈ బండి నమ్మకమైనదా?" అనే ప్రశ్నకు కంపెనీ పేరు ఒక్కటే జవాబు కాదు. సర్వీసు సమయానికి జరిగిందా అన్నదే సగం జవాబు. 1.9 టీడీఐ డీజిల్ మొండి ఇంజిన్ అని పేరు. అయినా దాని టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు కొట్టుకుని ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, కొన్న వారంలోనే మార్పించడం మంచిది.

2017 ఆక్టేవియా వీఆర్ఎస్‌లో ఆరు గేర్ల డీఎస్‌జీ ఉంటుంది. ఇందులో క్లచ్‌లు నూనెలో మునిగి పనిచేస్తాయి. ఆ నూనెను దాదాపు 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. మార్చిన రుజువు లేని బండి తక్కువ ధరకు వస్తున్నా ఆలోచించాల్సిందే.

విజయవాడ ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. టర్బో ఇంజిన్ చుట్టూ వేడి ఎక్కువ. వేసవిలో ట్రాఫిక్‌లో నిలబడితే రబ్బరు గొట్టాలు, కూలెంట్ ట్యాంకు, ప్లాస్టిక్ జాయింట్లు త్వరగా పెళుసెక్కుతాయి. ఇక బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. పాత టర్బో పెట్రోల్ బండి ఆ పెట్రోల్‌కు తగినదా కాదా అన్నది మాన్యువల్‌లోనూ ఇంధన మూత లోపలి స్టిక్కర్‌లోనూ చూసుకోవాలి.

ఖర్చు

పాత ఖరీదైన బండి ధర పడిపోతుంది, దాని స్పేర్ల ధర పడిపోదు. 15 లక్షలకు దొరికిన 60 లక్షల కారుకు బ్రేకు డిస్కులు 60 లక్షల కారువే కొనాలి. అందుకే కొనే ధరలో కనీసం మూడో వంతు విడిగా పక్కన పెట్టుకోవడం మేలు. వడ్డీకి దూరంగా ఉండి, ఏళ్ల తరబడి కూడబెట్టిన రొక్కంతో కొనే ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. ఉన్నదంతా బండికే పెట్టేస్తే మొదటి పెద్ద రిపేరుకే అది షెడ్డులో నిలిచిపోతుంది.

కాగితాల ఖర్చూ ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. ఆక్టేవియా కాంబి, ఆల్టురా, కోర్సా స్వింగ్ లాంటి వాటికి ఇది వర్తించే వయసు వచ్చేసింది.

ఇంజిన్ శక్తి పెంచడానికి రీమ్యాప్ చేయించడం, సైలెన్సర్ మార్చడం యువకులకు మోజు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మార్పులు చేసిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

సరదా

నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కారుకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. 560 పీఎస్ బండి నాలుగు సెకన్లలోపే ఆ హద్దు చేరుతుంది. ఆ తర్వాత మిగిలిన శక్తికి పని లేదు. కృష్ణా డెల్టాలో రోడ్లు కాలువల పక్కనే సాగుతాయి. వరి కోతల రోజుల్లో ట్రాక్టర్లు, ధాన్యం లారీలు అడ్డం వస్తాయి. ఇక్కడ సరదా అంటే అంకెల వేగం కాదు. మలుపులో బండి ఒరగకపోవడం, లారీని దాటేటప్పుడు టక్కున అందుకోవడం, బ్రేకు వేస్తే తిన్నగా ఆగడం. ఆ సరదాకు 150 నుంచి 230 పీఎస్ చాలు.

చూసి కొనాల్సినవి

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరదకు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాహనాలూ మునిగాయి. నీట మునిగిన బండి కడిగి, పాలిష్ కొట్టి అమ్మకానికి వస్తే పైకి తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద చార కనిపించొచ్చు. స్టెప్నీ గుంత, సీటు కింది బోల్టులు, కార్పెట్ అడుగు, ఫ్యూజు బాక్సు చూడాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగాలి. వరద నీరు తాకిన కంట్రోల్ యూనిట్ ఆరు నెలల తర్వాత కూడా మొరాయిస్తుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడెక్కించి ఉంచిన బండిలో లోపాలు దాగుతాయి. బేరం కుదిరాక కాకుండా, డబ్బు ఇవ్వకముందే సొంత మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించాలి. వ్యాగన్ అయితే వెనక అద్దం, తలుపు సీలు, నీటి కారుడు ప్రత్యేకంగా చూడాలి.

ఏ ఇంటికి ఏది

రోజూ స్కూలు, బజారు, నెలకోసారి మచిలీపట్నమో గుంటూరో వెళ్లే నలుగురైదుగురి ఇంటికి, రిపేరు నిధి విడిగా ఉంటే, సర్వీసు బిల్లులున్న ఆక్టేవియా లాంటి బండి సరిపోతుంది. ఆరుగురు దాటితే వ్యాగన్ ఆలోచన వదిలి ఇన్నోవా వైపు చూడటమే సబబు. కాంబి, ఆల్టురా లాంటివి ఇష్టం కోసం ఉంచుకునే రెండో బండ్లు. వాటి మీదే ఇల్లు నడవాలంటే కష్టం. కోటి రూపాయల అవాంట్ పదేళ్ల తర్వాత చవగ్గా కనిపించినా, దాని రిపేరు చవక కాదు.

బండి ఎంచుకున్నాక చేయాల్సిన మొదటి పని టెస్ట్ డ్రైవ్ కాదు. ఆ మోడల్ పేరు రాసుకుని ఆటోనగర్‌లో మూడు షెడ్లు తిరగాలి. "దీనికి పని చేశారా? స్కానర్ ఉందా? వెనక అద్దం, గేర్‌బాక్సు భాగం ఎన్ని రోజుల్లో వస్తాయి?" అని అడగాలి. మూడు చోట్లా తల అడ్డంగా ఊపితే, ఆ బండి ఎంత అందంగా ఉన్నా ఆ ఇంటికి తగినది కాదు.