ఇంట గెలిచి రచ్చ గెలుచుట: చిలీదేశపు ప్రాథమిక ఎన్నికల కథ

1969 సెప్టెంబరు మాసాంతమున చిలీదేశపు కమ్యూనిస్టు పార్టీ తన అధ్యక్షాభ్యర్థిగా ఒక కవిని ప్రకటించెను. ఆ కవి తెలుగు సాహిత్యాభిమానులకు చిరపరిచితుడైన పాబ్లో నెరూడా. వామపక్ష కూటమిలోని తక్కిన పార్టీలకును ఎవరి అభ్యర్థి వారికుండుటచే, నాయకులు మాసములతరబడి మంతనములాడి, 1970 జనవరిలో నెరూడా తప్పుకొనగా, సాల్వడార్ అలెండీని ఉమ్మడి అభ్యర్థిగా నిలిపిరి. ఆ యేటి సెప్టెంబరు ఎన్నికలో అలెండీ 36 శాతమునకు కొంచెము మించిన ఓట్లతో ప్రథముడై నిలిచి, పార్లమెంటు ఆమోదముతో అధ్యక్షపీఠ మధిష్ఠించెను. ఎంపిక ఉత్తమమైనదే కావచ్చును. కాని మూసిన తలుపుల వెనుక తేలిన పేరునకు ఓటు వేయుట తప్ప, ఆ పేరు తేల్చుటలో సామాన్యునకు ప్రమేయమేమియు లేకుండెను.

మూడేండ్లకే, 1973 సెప్టెంబరు 11న, సైన్యము ఆ ప్రభుత్వమును కూలద్రోసెను. అలెండీని పార్లమెంటులో తీవ్రముగా ప్రతిఘటించిన క్రైస్తవ డెమొక్రాట్లును, అలెండీ అనుయాయులైన సోషలిస్టులును, జనరల్ పినోచెట్ నిరంకుశపాలనలో కాలక్రమమున ఒకే నిషేధమునకు, ఒకే ప్రవాసమునకు పాలై, పాత పగలను దిగమ్రింగి చేతులు కలిపి, 1988 అక్టోబరు 5 నాటి ప్రజాభిప్రాయసేకరణలో పినోచెట్ ఇక వలదని దాదాపు 56 శాతము ఓట్లతో చాటించిరి. అట్లు పుట్టినదే కొన్సెర్టాసియోన్ అను కూటమి. ఒకరినొకరు నమ్ముట ఇంకను అలవాటు కాని ఈ మిత్రులలో అధ్యక్షాభ్యర్థి యెవరు కావలెనన్న ప్రశ్నకు వారు కనుగొన్న సమాధానమే ప్రాథమిక ఎన్నిక. 1993లో, పార్టీ సభ్యులును నమోదైన సానుభూతిపరులును మాత్రమే పాల్గొన్న తొలి ఎన్నికలో, క్రైస్తవ డెమొక్రాట్ ఎడ్వర్డో ఫ్రేయి, సోషలిస్టు పక్షపు రికార్డో లాగోస్‌పై నెగ్గి, పిమ్మట దేశాధ్యక్షుడయ్యెను.

ఓడిన లాగోస్ కూటమిని వీడలేదు. నిరంకుశుడింకను గద్దెపై నుండగనే, 1988లో టెలివిజన్ కెమెరావైపు వ్రేలు చూపి పినోచెట్‌ను నిలదీసిన ధీరుడాయన. ఆరేండ్లు ఓర్చి, 1999 మే 30న, ప్రత్యర్థి పార్టీల సభ్యులు కాని ఓటర్లందరకును తలుపులు తెరచిన ప్రాథమిక ఎన్నికలో, ఆయన 71 శాతము ఓట్లతో క్రైస్తవ డెమొక్రాట్ ఆంద్రెస్ సాల్దీవార్‌ను ఓడించెను. సాల్దీవార్ సామాన్యుడు కాడు; పినోచెట్ ప్రభుత్వముచే దేశబహిష్కృతుడై ప్రవాసమనుభవించినవాడు, అప్పటికి సెనేటు అధ్యక్షుడు. ఆయన తీర్పునకు తలయొగ్గెను. ఆ వినయము విలువ యెంతయో డిసెంబరులో తెలిసినది: ఏడు మిలియన్ల ఓట్లు పోలైన తొలి విడతలో లాగోస్‌కు ప్రత్యర్థిపై లభించిన ఆధిక్యము సుమారు 31 వేలు మాత్రమే. 2000 జనవరిలో జరిగిన మలివిడతలో 51 శాతముతో ఆయన గట్టెక్కెను. క్రైస్తవ డెమొక్రాట్ ఓటర్లలో కొలదిమంది ముఖము చాటుచేసినను, అలెండీ అనంతరము మరల ఒక సోషలిస్టు ఆ పీఠ మెక్కియుండెడివాడు కాడు. ప్రాథమిక ఎన్నికకు ప్రాణము గెలిచినవాని విజయమున కంటె ఓడినవాని నిగ్రహమున నున్నదని నా విశ్వాసము.

2012లో ఈ ఆచారము శాసనమైనది. ప్రభుత్వ ఎన్నికల సంస్థయే, కోరిన కూటములన్నిటి ప్రాథమిక ఎన్నికలను ఒకే ఆదివారమున నిర్వహించును. ఓడినవారు ఆ సారి అదే పదవికి మరల పోటీచేయరాదు. ఓటరు పెన్సిలు పుచ్చుకొని, అభ్యర్థి పేరు ప్రక్కన ముద్రించిన అడ్డగీతపై నిలువుగీత గీయును. పోలింగు ముగియగానే, సాధారణ పౌరులైన బల్లాధికారులు అచ్చటనే పెట్టె తెరచి, ఒక్కొక్క బ్యాలెట్టును విప్పి, చేరినవారందరు వినునట్లు పేరు బిగ్గరగా చదువుదురు. సాంటియాగోలోని జాతీయ క్రీడాప్రాంగణము ఇట్టి పోలింగు స్థలములలో నొకటి. 1973లో వేలమందిని సైన్యము బంధించిన ఆ ప్రాంగణమున, ఆనాటి కొయ్యబల్లలను కొన్నిటిని ఎవరును కూర్చుండకుండ స్మారకముగా నిలిపియుంచినారు. ఎన్నికలనాడు సైనికులు కాపలా కాయుదురు, ఈమారు బ్యాలెట్టు పెట్టెలకు!

కొత్త చట్టము క్రింద 2013 జూన్ 30న దాదాపు 30 లక్షల మంది ఓటు వేసిరి. వామపక్ష కూటమిలో మిషెల్ బాచెలెట్ 73 శాతముతో గెలిచెను. కుడిపక్షమున స్వల్పాధిక్యముతో నెగ్గిన పాబ్లో లొంగేరా, మనోవ్యాకులతచే కొన్నిదినములకే తప్పుకొనగా, ఆ స్థానమున ఎవెలిన్ మత్తేయి నిలిచెను. బాచెలెట్, మత్తేయి ఇద్దరును వాయుసేనాధికారుల కుమార్తెలు. బాల్యమున ఒకే స్థావరములో ఇరుగుపొరుగున పెరిగినవారు. అలెండీకి విధేయుడైన బాచెలెట్ తండ్రి సహసైనికుల చిత్రహింసలకు గురియై 1974లో చెరలో మరణించెను. మత్తేయి తండ్రి పినోచెట్ సైనిక మండలిలో సభ్యుడయ్యెను. ఆ కుమార్తెలు బ్యాలెట్టుపై ఎదురుపడిరి. బాచెలెట్ 62 శాతముతో గెలిచెను.

ఇంట గెలిచినవారెల్ల రచ్చ గెలుతురను నియమము లేదు. 2021లో కుడిపక్ష కూటమి ప్రాథమిక విజేత సెబాస్టియన్ సిచెల్ నవంబరులో నాలుగవ స్థానమునకు జారగా, ఆ ప్రాథమిక ఎన్నికలో దిగనే దిగని హోసే ఆంటోనియో కాస్ట్ తొలి విడతలో ముందు నిలిచెను. అయినను మలివిడతలో, సర్వేల జోస్యమును తలక్రిందులు చేసి వామపక్ష ప్రాథమికమున నెగ్గిన 35 ఏండ్ల గాబ్రియేల్ బోరిక్ చేతిలో ఆయన ఓడెను.

2025 జూన్ 29న నెరూడా పార్టీకే చెందిన జెనెట్ హారా, దాదాపు 14 లక్షల మంది ఓటు వేసిన ప్రాథమిక ఎన్నికలో 60 శాతముతో కూటమి అభ్యర్థిని యయ్యెను. ఓడినవారిలో, అలెండీ మంత్రిగా నుండి నిర్బంధములో మరణించిన హోసే తోహా కుమార్తె కరొలీనా తోహా ఒకరు. కుడిపక్షమువారు ఆ యేడు ప్రాథమిక ఎన్నికయే జరుపుకొనలేదు. డిసెంబరు 14న కాస్ట్ 58 శాతము ఓట్లతో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఆ రాత్రియే హారా ఓటమి నంగీకరించి ఆయనకు అభినందనలు తెలిపెను.