ఫొటోలో వెలుగు రేఖలు, నీడలు: వేయడం ఎలా, గుర్తుపట్టడం ఎలా

రంజాన్ దగ్గరపడిందంటే చాలు, ఫోన్లలో పోస్టర్లు మొదలవుతాయి. మసీదు కిటికీలోంచి జారే వెలుగు, జానమాజ్ మీద పడే నీడ... వీటిలో చాలావాటిని కంప్యూటర్‌లోనే వేస్తారు. దానికి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. 1996లో తొలిసారి విడుదలైన గింప్ ఇప్పటికీ ఉచితమే. ఫొటోషాప్‌లోనూ పద్ధతి దాదాపు ఇదే.

వెలుగు రేఖలు

గాలిలో దుమ్ము, పొగ, మంచు ఉంటేనే వెలుగు వచ్చే దారి కంటికి కనబడుతుంది. సూర్యకిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. కానీ రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనిపించినట్టే, ఇవి కూడా సూర్యుడి దగ్గర కలిసినట్టు ఉంటాయి. అందుకే బొమ్మలో రేఖలన్నీ ఒకే బిందువు నుంచి రావాలి.

1. ఫొటో లేయర్‌కు నకలు తీసుకోవాలి. లెవెల్స్‌తో బాగా వెలుగున్న చోట్లు తప్ప మిగతాదంతా నల్లగా చేయాలి.
2. ఫిల్టర్స్‌లో బ్లర్, అందులో జూమ్ మోషన్ బ్లర్ ఎంచుకోవాలి. కేంద్రాన్ని సూర్యుడు లేదా దీపం ఉన్న చోట పెట్టాలి. ఫొటోషాప్‌లో అయితే రేడియల్ బ్లర్, జూమ్ పద్ధతి.
3. లేయర్ మోడ్‌ను స్క్రీన్‌గా మార్చి, ఒపాసిటీ తగ్గించాలి. నలుపు మాయమై వెలుగు మాత్రమే మిగులుతుంది.

నీడలు

డ్రాప్ షాడో అక్షరాలకు బాగుంటుంది. నేల మీద నిలబడ్డ మనిషికి అది పెడితే, గోడకు అంటించిన కాగితం బొమ్మలా కనబడతాడు. అలాంటప్పుడు మనిషిని విడి లేయర్‌గా కత్తిరించి, దాని నకలును ముదురు నీలి నలుపుతో నింపి, కింద పెట్టాలి. పాదాల దగ్గర కదలకుండా ఉంచి నేల మీదికి వాల్చాలి. మోడ్ మల్టిప్లై. పాదాల దగ్గర నీడ అంచు స్పష్టంగా, దూరం పోయేకొద్దీ మసకగా ఉండాలి. అందుకు గాసియన్ బ్లర్ వాడతారు.

నీడ ఎంత పొడవుండాలి? నమాజు వేళలు తెలిసినవాళ్లకు ఇది కొత్త లెక్క కాదు. హనఫీ లెక్కలో అసర్ మొదలయ్యేసరికి, నడి మధ్యాహ్నపు నీడ కాక, వస్తువు ఎత్తుకు రెండింతల నీడ పడుతుంది. షాఫయీ లెక్కలో ఒక ఇంత. మగ్రిబ్ ముందరి ఎర్రటి ఆకాశం పెట్టి, కాళ్ల కింద పొట్టి నీడ వేస్తే బొమ్మ అక్కడే దొరికిపోతుంది.

ఫార్వర్డ్ చేసేముందు

ఇదే పనితనంతో మసీదు మీద ఆకాశం నుంచి వెలుగు దిగినట్టు చేసి, అద్భుతం అని పంపేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఫొటోలో రేఖలను వెనక్కి పొడిగించి చూడాలి. ఎండలో తీసిన ఫొటో అయితే అవన్నీ సూర్యుడి దగ్గరే కలవాలి. నీడలు కూడా ఆ దిక్కుకు ఎదురుగా పడాలి. రెండూ పొసగకపోతే అనుమానించాల్సిందే. అయితే ఎగుడుదిగుడు నేల మీద నీడలు వంకరపోతాయి కాబట్టి ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పేయకూడదు.

పండగ పోస్టర్‌కు వెలుగు అద్దడం అలంకారం. అదే బొమ్మను నిజంగా జరిగిందని పంపడం అబద్ధం. వచ్చిన కబురును తేల్చుకున్నాకే నమ్మాలన్నది అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ ఆదేశం. సొంతంగా చేసిన బొమ్మ అయితే, మూలన చిన్నగా 'ఎడిట్ చేసినది' అని రాస్తే సరిపోతుంది.